మిగతావన్నీ మామూలే

వంశీధర్‌రావు సూత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది. ఒక్కటి కదుపు, మిగతావన్నీ మామూలుగా ఉంచు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఆ మాట చెప్పి, పెద్ద పని అయిపోయినట్టు చాయ్ తాగడానికి కిందికి పోయేవాడు. చొప్పదండి దగ్గర భూములున్న ఇంటి మనిషి. హైదరాబాదులో చాలాకాలం చేసి, అక్కడి ట్రాఫిక్కుకు దండం పెట్టి కరీంనగర్ తిరిగొచ్చాడు. ఒక అద్దాల బిల్డింగు మూడో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్‌కు పెద్దదిక్కుగా కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాణ్ని చూస్తే మనం ముందే నాలుగడుగులు దూరం జరుగుతాం. మనల్ని ముంచేది మంచివాళ్ల తొందర. ఆ సంగతి మనకు ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది.

ఆ సూత్రం ఆయన కనిపెట్టిందేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. ప్రోగ్రాము నడిమధ్యలో తప్పు చేయడం తక్కువ, చేస్తే అంచుల్లో చేస్తుంది. బస్సులో సీటు దొరికినవాడు పడతాడా, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు పడతాడు గానీ. అందుకని ఒక మీటరు ఇంత నుంచి ఇంత వరకు చూపిస్తుందంటే కింది కొసన ఒకసారి, దానికి కాస్త పైన ఒకసారి, నడుమ ఒకసారి, పై కొసకు కాస్త కింద ఒకసారి, పై కొసన ఒకసారి పెట్టి చూడాలి. మీటర్లు రెండు మూడు ఉంటే అప్పుడు సూత్రం పనికొస్తుంది. ఒకదాన్ని కొసలకు తీసుకుపోయి చూస్తున్నంతసేపు మిగతావి నడిమి విలువ దగ్గర కదలకుండా ఉండాలి. తర్వాత ఇంకోదాని వంతు. అట్లా మూడు మీటర్లకు పదమూడు పరీక్షలు సరిపోతాయి. అన్నిటినీ అన్నిటితో కలిపి చూస్తానంటే నూట ఇరవై అయిదు అవుతాయి. అంత తీరిక ఎవరికుంది? రెండు గండాలు ఒకేసారి రావన్న నమ్మకం మీదనే సగం లోకం నడుస్తోంది.

ప్రవళిక ఆ కంపెనీలో టెస్టరు. గోదావరి ఒడ్డున బొగ్గుగని కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తల్లి లేదు. తండ్రి పరశురాములు గనిలో పంపుల ఫిట్టరు. కరీంనగర్ మంకమ్మతోటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. తండ్రి కాలనీ క్వార్టరులో ఒక్కడే ఉంటాడు. ఒక్కడే అనడం మాటవరసకు. పక్క క్వార్టరు సారయ్య, సరోజనలది. సరోజన రెండు పూటలా గోడ మీంచి ఏదో ఒక గిన్నె అందిస్తూనే ఉంటుంది. సారయ్యదీ పంపుల పనే. ప్రవళికను చిన్నప్పుడు సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపినవాడు. తండ్రి మొదటి షిఫ్టుకు పోతే, రెండో షిఫ్టు మనిషి సారయ్య ఆ పని చేసేవాడు. ఆయన్ని కాక అని, సరోజనను చిన్నమ్మ అని పిలిచి పెరిగింది. వాళ్లకు పిల్లలు లేరు.

కంపెనీకి వచ్చిన కొత్త పని ఆ గనిదే. గనిలో విషగాలి పెరిగితే కనిపెట్టి సైరన్ మోగించే ప్రోగ్రాము. మూడు మీటర్లు దానికి కళ్లు. ఒకటి విషగాలి ఎంతుందో చెబుతుంది, ఒకటి గాలి ఎంత వేగంగా ఆడుతుందో చెబుతుంది, ఇంకోటి వేడిని చెబుతుంది. అంతా బాగుంటే పైన కంట్రోల్ రూంలో తెర పచ్చగా ఉంటుంది. లేకపోతే ఎర్రబడి సైరన్ మోగుతుంది. ఈ పని తన చేతికి వచ్చిందని ప్రవళిక ఫోన్‌లో చెప్పినప్పుడు పరశురాములు ఆ పూట కాలనీ అంతా తిరిగాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. "ఇగ బాయిల మన మీద నా బిడ్డ కండ్లుంటయి" అని చెప్పని గడప లేదు.

సారయ్య ఊరుకుంటాడా. "ఇగ బాయి దిగేటప్పుడు మైసమ్మకు మొక్కుడు బంద్ జేస్తవా ఏందన్నా? మన ప్రవళికకే కొబ్బరికాయ కొడ్తవా?"

"కొడ్త. నీకేమన్న నొప్పా?"

"నాకెందుకు నొప్పి. సగం చెక్క నాకియ్యి, చాలు."

ఆ కొబ్బరికాయ మాట కాలనీలో చాలా రోజులు నడిచింది.

ఇక్కడ గని సంగతి కొంచెం చెప్పుకోవాలి. బొగ్గు తీసేసిన పాత చోట్లను గోడలు కట్టి మూసేస్తారు. లోపల మిగిలిన బొగ్గు నివురుగప్పి రాజుతూ ఉంటుంది. దాని నుంచి పుట్టే గాలికి వాసన లేదు, రంగు లేదు. పీల్చినవాడికి నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే. వానకు ముందు బయట గాలి బరువు తగ్గినప్పుడు అది గోడల పగుళ్లలోంచి మెల్లగా ఇవతలికి పాకుతుంది. పెద్ద ఫ్యాను గట్టిగా నడుస్తుంటే కొట్టుకుపోతుంది. కానీ ఆదివారం గనికి సెలవు కాబట్టి ఆ గనిలో ఫ్యానును నెమ్మదిగా నడుపుతారు, లోతట్టుకు గాలి అందీ అందనట్టుంటుంది. ఆ రోజు రిపేరు పనులకు కొద్దిమందిని మాత్రమే దింపుతారు. దాన్ని ప్లే డే అంటారు. సెలవు రోజు పని కాబట్టి ఒక్క రోజుకు రెండు హాజర్లు పడతాయి, అంటే రెండు రోజుల జీతం. ప్లే డే దొరకడం అంటే కాలనీలో చిన్న పండుగ. దొరికినవాడు ఏ కారణం చేతనైనా పోలేకపోతే ఆ అవకాశాన్ని తనకు కావలసినవాడికి ఇప్పిస్తాడు. కూర గిన్నె ఇచ్చుకున్నట్టే అదీ ఇచ్చుకుంటారు. ఎవరూ రాసుకోరు గానీ అందరికీ గుర్తుంటుంది.

ప్రోగ్రామును గనిలో పెట్టి చూస్తున్న రోజుల్లో ఒక చిక్కు వచ్చింది. ప్లే డే నాడు ఫిట్టర్లు మీటర్లను తుడవడానికి వైర్లు పీకేస్తారు. వైరు పీకగానే విషగాలి మీటరు పై కొసకు ఎగిరి నిలబడుతుంది, గాలి మీటరు కింది కొసకు పడిపోతుంది. సైరన్ మొత్తుకుంటుంది. రెండు ఆదివారాలు కాలనీ ఆడవాళ్లు చెప్పుల్లేకుండా గని దాకా పరుగెత్తారు. అధికారులకు చిరాకు పుట్టింది. దాంతో వంశీధర్‌రావు ఒక షరతు పెట్టించాడు. విషగాలి పై కొసన, గాలి కింది కొసన ఒకేసారి కనిపిస్తే మీటర్లు రిపేరులో ఉన్నాయని అర్థం. అప్పుడు మోగొద్దు. తెర పచ్చగానే ఉండాలి.

షరతు కలిపిన తర్వాత ప్రవళిక తన పదమూడు పరీక్షలూ మళ్లీ చేసింది. అన్నీ పాసయ్యాయి. కింద ఆమె పేరు పెట్టి రిపోర్టు పంపారు. గనిలో పూలదండ వేసి మరీ మొదలుపెట్టారు. కొబ్బరికాయ కూడా కొట్టారు. సగం చెక్క సారయ్య పట్టుకుపోయాడని పరశురాములు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు.

ఆ వారం శనివారం మధ్యాహ్నం ఆఫీసు దాదాపు ఖాళీగా ఉంది. ప్రవళిక తన డెస్క్ సర్దుకుంటూ ఆ షరతును మరోసారి చదివింది. ఎందుకు చదివిందో ఆమెకే తెలియదు. చదివాక ఒక చిన్న అనుమానం వచ్చింది. ఈ షరతు రెండు మీటర్లు కలిసి కొసలకు చేరినప్పుడే కదా పనిచేసేది? తన పరీక్షల్లో ఒకటి కొసన ఉన్నప్పుడు రెండోది ఎప్పుడూ నడుమనే ఉంది. అంటే ఆ పదమూడింటిలో ఒక్కటి కూడా ఈ షరతును ముట్టుకోలేదు. ముట్టుకోని దానికి తాను పాస్ మార్కు వేసింది.

టెస్టు మెషీన్‌లో విషగాలిని పై కొసకు పెట్టింది. తెర ఎర్రబడింది. దాన్ని నడుమకు తెచ్చి గాలిని కింది కొసకు పెట్టింది. ఎర్రబడింది. తర్వాత రెండింటినీ ఒకేసారి కొసలకు తోసింది. తెర పచ్చగా, శాంతంగా ఉంది. వేడిని కూడా కొసకు తోసి చూసింది. అయినా అదే పచ్చ.

వైరు పీకినదాన్నీ, నిజంగా విషగాలి నిండి గాలి ఆగినదాన్నీ ఆ ప్రోగ్రాము వేరుగా చూడలేదు. మనుషులు చచ్చిపోయే పరిస్థితి ఏదో సరిగ్గా దాన్నే రిపేరు అనుకుంటుంది. అదీ ఫ్యాను నెమ్మదిగా నడిచే ఆదివారం నాడు.

వంశీధర్‌రావు లిఫ్టు దగ్గర దొరికాడు. కొత్త పట్టు లాల్చీ వేసుకున్నాడు. మేనబావ కూతురి పెళ్లికి బయల్దేరుతున్నాడు. ప్రవళిక చెప్పిందంతా విన్నాడు, వినలేదనడానికి లేదు.

"కరెక్టే గానీ, గట్ల రెండు ఒక్కసారి కొసలకు రావాలంటే ఎంత తక్కువ చాన్సు చెప్పు. ఒక్కింట్ల ఒక్కనాడు రెండు చావులైతయా?"

"అయితే ఎట్ల సార్? రేపు ఆదివారం. ఫ్యాను స్లో ఉంటది."

"సోమవారం పొద్దున్నే ఇద్దరం కూసుందాం. షరతు మారుద్దాం. ఇప్పుడు మొదలుపెట్టిన వారానికే తప్పున్నదని ఫోన్ జేస్తే ఇగ మనకు పనిచ్చేటోడు ఉంటడా? రిపోర్టు మీద పేరు నీదే ఉన్నది, అది గూడ యాదికుంచుకో." లిఫ్టు వచ్చింది. లోపలికి అడుగుపెట్టి తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. "మెయిల్ గియిల్ పెట్టకు. రాతల పెడితే మెడకు సుట్టుకుంటది. పరేషాన్ గాకు, ఒక్క రోజే గదా."

తిరిగి సీట్లోకి వచ్చి కూర్చున్నాక ప్రవళిక ఏం చేసి ఉండాల్సిందో మనమందరం చెప్పగలం. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత ఎంత తేలికో. గనికి ఫోన్ చేయొచ్చు, యూనియన్‌కు చెప్పొచ్చు. ఆమెకూ తెలుసు. చేతిలో ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఉద్యోగం పోతుందని భయం వేసింది. కంపెనీ గుట్టు బయటపెట్టనని చేరేటప్పుడు చేసిన సంతకం గుర్తొచ్చింది. పైగా ఒక్క ఆదివారమే కదా, ఏమవుతుందిలే అనిపించింది. ఏమవుతుందిలే అనుకున్న మనిషి తండ్రికి మాత్రం ఫోన్ చేసింది.

"బాపూ, రేపు డ్యూటీ ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. ప్లే డే దొరికింది. డిప్పుల పంపు కూసున్నది, లేపాలె." డిప్పు అంటే గని అడుగున నీళ్లు చేరే పల్లపు చోటు. పాత గోడలన్నీ అటువైపే. "ఏమే, గొంతు గట్లున్నది?"

"జరం వచ్చింది."

"ఎప్పటిసంది? దవఖానకు పోయినవా?"

"లేవస్తలేదు. నువ్వు రా బాపు. రేపు పొద్దుగాల్లనే రా."

"ప్లే డే గదనే... చానా దినాలకు దొరికింది."

"రా బాపు. నాకు భయమైతుంది."

"సరే తియ్యి, వస్త. నీకంటె ఎక్వనా ప్లే డే. ఏమన్న తిన్నవా?"

నిజం చెబితే తండ్రి సారయ్యకు చెబుతాడు, సారయ్య నలుగురికి చెబుతాడు, పొద్దు గూకేసరికి కాలనీ అంతా చేరుతుంది. అందుకే జ్వరం అని చెప్పింది. అబద్ధం చెప్పానన్న బాధ కూడా లేదు ఆమెకు, గుండె మీంచి బరువు దిగినట్టే ఉంది. నేర్చుకున్న సూత్రమే మనిషిలో పనిచేస్తుంది కాబోలు. ఆ ఫోన్‌లో ఆమె తన తండ్రిని ఒక్కణ్ణే కదిపింది. మిగతావాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. సోమవారం సంగతి సోమవారం చూద్దామనుకుని గదికి పోయి అన్నం వండుకుంది.

ఆదివారం పరశురాములు మొదటి బస్సుకే వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిను. గదిలోకి అడుగుపెట్టగానే బిడ్డ నుదుటి మీద చెయ్యి వేశాడు.

"సల్లగనే ఉన్నది గదనే."

"గోలి ఏసుకున్న. తగ్గింది."

"తగ్గని, మంచిదే." ఆయన నిజంగానే సంతోషించాడు. చాప మీద కూర్చుని టిఫిను విప్పాడు. మృగశిర కార్తె మొదటి రోజు చేప తినాలంటారు, ఆ చేపల పులుసు వాసన గదంతా అలుముకుంది. "ఇయ్యాల మిరుగం గదా. సరోజన తెల్లారకముందే లేసి నీకోసమే వండింది. జరమున్నా సరే, మిరుగం నాడు చాప ముక్క ఒక్కటన్న నోట్లె పడాలెనన్నది. జర తిను."

ప్రవళిక కంచం పెట్టుకుంది. తండ్రికి వడ్డించింది, తనకు వడ్డించుకుంది. చేప మెత్తగా, పులుపుగా, చిన్నమ్మ చేతి రుచితో ఉంది. తండ్రి ఎదురుగా కూర్చుని ముళ్లు తీసుకుంటూ తింటున్నాడు. బతికి ఉన్నాడు, కళ్ల ముందు ఉన్నాడు. ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలిగా అనిపించింది.

"ప్లే డే ఖరాబు కానియ్యలే తియ్యి" అన్నాడు పరశురాములు, వేళ్లు నాక్కుంటూ. "సారయ్యకు ఇప్పించిన. వాడు మస్తు ఖుష్ అయిండు. పొద్దున నేను బస్సెక్కేటప్పుడే బాయి దిక్కు పోయిండు."

ముద్ద ఆమె నోట్లోనే ఆగిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. కిటికీ వైపు చూసింది. ఉత్తరాన, గోదావరి వైపున ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. చెట్టు ఆకు కదలడం లేదు. గాలి బరువు పడిపోయినట్టు చెవులకే తెలుస్తోంది. మిరుగం వాన ఏ క్షణమైనా పడేట్టుంది.

చెయ్యి కూడా కడుక్కోకుండా ఎడమ చేత్తో వంశీధర్‌రావుకు ఫోన్ చేసింది. బ్యాండు మేళం మోతలోంచి ఆయన గొంతు వినబడింది. "పెండ్లిల ఉన్న ప్రవళికా, రేపు రేపు" అని పెట్టేశాడు.

"బాపూ, బాయికి ఫోన్ చెయ్యి. కాకను పైకి రమ్మను."

"ఎందుకే?"

చెప్పింది. ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. విషగాలి నిండి, గాలి ఆడకపోతే సైరన్ మోగదు, తెర పచ్చగనే ఉంటది, అది నాకు తెల్సు. పరశురాములు ఆమె ముఖం వైపు చూశాడు.

"నిన్న ఎరుకనా నీకు?"

"ఎరుకే."

ఆయన ఎంగిలి చెయ్యి లుంగీకి తుడుచుకుని కంట్రోల్ రూంకు ఫోన్ కలిపాడు. అక్కడ డ్యూటీలో ఉన్నది హనుమండ్లు, తెలిసినవాడే.

"ఏందన్నా, బిడ్డకెట్లున్నది?" అన్నాడు హనుమండ్లు.

"మంచిగనే ఉన్నది. తమ్మీ, సారయ్యను పైకి పిలువు. డిప్పుల గ్యాసున్నదేమో అనుమానం."

"గ్యాసా? నా ముంగటనే ఉన్నది గదా తెర. పచ్చగ మెరుస్తుంది. నీ బిడ్డ చేసిన కంప్యూటరేనాయె, నీకే నమ్మకం లేకపోతె ఎట్లన్నా? ఫికర్ జేయకు."

ప్రవళిక ఫోన్ లాక్కుంది. "హనుమండ్లు కాకా, నేను ప్రవళికను. ఆ పచ్చది అబద్ధం. దాన్ని చూడకు. వాళ్లను పైకి రమ్మను, నీ కాళ్లు మొక్కుత."

హనుమండ్లు గొంతు మారింది. "సార్‌ను అడగాలె బిడ్డా. ఆగు, డిప్పు ఫోన్‌కు కొట్టి సూస్త." రింగు పోతున్న చప్పుడు ఇటువైపుకు కూడా సన్నగా వినబడింది. అది మోగింది, మోగింది, ఆగిపోయింది. "పంపు సప్పుడుకు ఇనవడ్తలేదేమో" అన్నాడు. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుగా ఉంది. లోపలి పని చూసే ఓవర్‌మెన్ దగ్గర విషగాలిని కొలిచే చేతి మీటరు ఉంది గానీ, ఆ రోజు ఉన్న ఒక్క ఓవర్‌మెన్ గనికి ఆ చివరన ఉన్నాడు. మనిషిని పంపుతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

తండ్రీ కూతుళ్లు అందిన బస్సెక్కారు. బయల్దేరే ముందు పరశురాములు టిఫిను కడిగి సంచిలో పెట్టుకున్నాడు. అంత తొందరలోనూ ఆ గిన్నె ఎందుకు కడిగాడో, చేతులు ఏదో ఒకటి చేయాలి కాబట్టి కడిగాడేమో. సుల్తానాబాద్ దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. రైస్ మిల్లుల రేకుల మీద మోత. బస్సులో ఎవరో "ఈసారి మిరుగం మంచిగ పట్టింది" అన్నారు. నలుగురూ అవునన్నారు. అందరి ముఖాల్లో వెలుగు. పరశురాములు ఫోను అరచేతిలో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

పెద్దపల్లి దాటాక అది మోగింది. ఆయన విన్నాడు. "ఊఁ" అన్నాడు. మళ్లీ "ఊఁ" అన్నాడు. పెట్టేసి సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. ప్రవళిక అడగలేదు, ఆయన చెప్పలేదు. పంపు నడుస్తూనే ఉందట, పక్కనే గోడకు ఆనుకుని నిద్రపోయినట్టు కూర్చుని ఉన్నాడట సారయ్య. ఆ సంగతి తర్వాత కాలనీలో విన్నది. పైకి తెచ్చేదాకా తెర పచ్చగానే ఉందని కూడా అక్కడే విన్నది.

కాలనీ దగ్గరపడుతుండగా వంశీధర్‌రావు ఫోన్ చేశాడు. ఈసారి వెనక బ్యాండు మేళం లేదు.

"ఇప్పుడే తెలిసింది ప్రవళికా. ఘోరమైంది." గొంతు తగ్గించాడు. "నిన్న మనం మాట్లాడింది... రాతల ఎవరికన్న ఏమన్న పంపినవా?"

"లే సార్."

"మంచిది" అన్నాడు. అన్న తర్వాత తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినబడినట్టుంది, ఏదో సర్దబోయాడు. ఆమె ఫోన్ ఆపేసింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఆయన చెప్పిన అబద్ధం ఏముంది? జ్వరం అని చెప్పింది తాను.

సారయ్య క్వార్టరు ముందు జనం గొడుగుల కింద నిలబడి ఉన్నారు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆడవాళ్లు తోవ ఇచ్చారు. నల్లా దగ్గర బండ మీద పొద్దున తోమిన చేపల పొలుసు వానకు తడిసి ఇంకా అక్కడే ఉంది. సరోజన గడప మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది, నోరు మాత్రం కదులుతోంది. పరశురాములును చూడగానే లేవబోయి లేవలేక చేతులు చాపింది. ఆయన సంచి కింద పెట్టి ఆమె ముందు కూలబడ్డాడు.

"అన్నా, నువ్విప్పించిన ప్లే డే అని నిన్న ఎంత మురిసిండో" అంది. "మన అన్న మనసు మంచిదే అన్నడు. పండుకునేదాక అదే ముచ్చట."

జీవితంలో మొదటిసారి పరశురాములు నోట్లో ఏదో నానుతోంది. తల అడ్డంగా ఊపుతూ ఏడుస్తున్నాడు.

సరోజన చూపు ఆయన వెనక నిలబడ్డ ప్రవళిక మీద పడింది. కాసేపు గుర్తు పట్టనట్టు చూసింది. తర్వాత, ఎన్నో ఏళ్ల అలవాటు కాబట్టి చెయ్యి దానంతటదే లేచింది. దగ్గరికి రమ్మంది. ప్రవళిక వంగింది. సరోజన తడి అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టింది.

"జరం తగ్గిందా బిడ్డా? వానల తడుసుకుంట ఎందుకొచ్చినవ్? చాప ముక్క తిన్నవా?"

ప్రవళిక ఆ చేతి కింద వంగే ఉంది. దాచుకుంటే దాచుకోవచ్చు. కాలనీలో నిన్నటి సంగతి తెలిసినవాడు తండ్రి ఒక్కడే. కంప్యూటర్ మోగలేదని అందరికీ తెలుసు గానీ, మోగదని నిన్ననే తెలిసిన మనిషి ఉందని ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి చల్లగా, చేపల వాసనతో నుదుటి మీదనే ఉంది. అది అక్కడ ఉన్నంతసేపు ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"నాకు జరం రాలే చిన్నమ్మా."

సరోజన అర్థం కానట్టు చూసింది.

"అది మోగదని నిన్ననే ఎరుక. బాపును బాయి దిగనియ్యొద్దని జరమని చెప్పిన." కళ్లు గడప వైపు దించింది. "బాపునొక్కన్నే పిలుచుకున్న."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏడుపు ఆపారు. సరోజన పరశురాములు వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. అప్పుడు ఆమె చెయ్యి మెల్లగా ప్రవళిక నుదుటి మీంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మా ఇంట్ల గూడ ఫోను ఉండె గద బిడ్డా."